పిల్లలు ఎత్తు పెరగట్లేదా? గ్రోత్ హార్మోన్ టెస్టుకి ముందు ఏం చేయాలి, టెస్టు రోజు ఏం చేయాలి, రిపోర్టు ఎలా చూడాలి

"మా బాబుకి తొమ్మిదేళ్ళండి, క్లాసులో అందరికంటే చిన్నగా కనిపిస్తాడు, ల్యాబ్‌కి తీసుకెళ్ళి గ్రోత్ హార్మోన్ చేయిస్తే 0.3 వచ్చింది, ఇంజెక్షన్లు మొదలుపెట్టాలా?" అడిగేవాళ్ళు మారతారు గానీ ప్రశ్న మాత్రం ఇదే. ఆ 0.3 ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు, బాగా పెరుగుతున్న పిల్లాడికి కూడా పగలు పదకొండింటికి రక్తం తీస్తే అదే వస్తుంది. పిల్లలు సరిగ్గా పెరుగుతున్నారా లేదా అనేది చెప్పేది ఏడాదికి ఎన్ని సెంటీమీటర్లు పెరిగారన్న లెక్క, ఆ లెక్క ఏ ల్యాబూ ఇవ్వదు, మీ ఇంట్లోనే తయారవ్వాలి. అందుకే గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టి వరుసగా రాస్తున్నా.

ముందుగా ఇవి రెడీగా పెట్టుకోండి

సాగని టేపు (టైలర్ దగ్గరి గుడ్డ టేపు వద్దు, అది వాడేకొద్దీ సాగుతుంది, ఇనప టేపు తీసుకోండి), గట్టి అట్ట ఉన్న లావు పుస్తకం, వడ్రంగి వాడే మూలమట్టం దొరికితే ఇంకా మంచిది, పెన్సిల్, ఒక నోట్‌బుక్. ఇవి కాక పుట్టినప్పటి బరువు, ఎన్నో నెలలో పుట్టారో ఉన్న డిశ్చార్జ్ పేపర్ లేదా తల్లీబిడ్డల కార్డు, టీకాల పుస్తకంలో ఎప్పుడో రాసిన ఎత్తు బరువులు, స్కూల్ హెల్త్ చెకప్ కార్డు. పాత కొలతలు ఎంత దొరికితే అంత వెతకండి, రెండేళ్ళ కిందటి ఒక్క నమ్మదగ్గ కొలత ఈరోజు చేయించే ఖరీదైన టెస్టు కంటే ఎక్కువ చెప్తుంది.

1. ఎత్తు సరిగ్గా కొలవండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి దీని మీదే ఎక్కువ రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

చెప్పులు, సాక్సులు తీసేయించండి. జడ విప్పేయండి, పిలక, క్లిప్పులు, హెయిర్ బ్యాండ్ ఏమీ ఉండకూడదు. గోడ కింద స్కర్టింగ్ టైల్ ముందుకి పొడుచుకొచ్చి ఉంటే ఆ గోడ వద్దు, మడమలు ముందుకొచ్చి పిల్లలు వెనక్కి వాలిపోతారు, దాని బదులు బీరువా పక్క గానీ తలుపు గానీ వాడండి. కింద కార్పెట్ ఉండకూడదు. మడమలు, పిర్రలు, భుజాలు గోడకి ఆనాలి, మోకాళ్ళు వంచకూడదు, చూపు నేరుగా ముందుకి ఉండాలి, అంటే కంటి కింది ఎముక, చెవి రంధ్రం పై అంచు రెండూ ఒకే మట్టంలో ఉండాలి. పిల్లలు పొడుగ్గా కనిపించాలని గడ్డం పైకెత్తుతారు, అలా ఎత్తితే కొలత తప్పుతుంది. తర్వాత పుస్తకం అంచు గోడకి పూర్తిగా ఆనించి తల మీదకి దించి గట్టిగా నొక్కి గీత పెట్టండి. మూడుసార్లు కొలిచి సగటు రాయండి, మూడింటికీ మధ్య అర సెంటీమీటర్ కంటే తేడా వస్తే మళ్ళీ కొలవాల్సిందే.

ఎప్పుడూ పొద్దున్నే కొలవండి. సాయంత్రానికి వెన్నుపూసల మధ్య డిస్కులు నొక్కుకుని ఒక సెంటీమీటర్ దాకా తగ్గొచ్చు, ఒకసారి పొద్దున ఇంకోసారి సాయంత్రం కొలిచి పిల్లాడు పెరగలేదని భయపడేవాళ్ళు చాలామంది ఉన్నారు.

రెండేళ్ళ లోపు పిల్లల్ని నిలబెట్టి కొలవకూడదు, పడుకోబెట్టి కొలవాలి, ఇది ఇంట్లో సరిగ్గా కుదరదు. అంగన్‌వాడీలో దీనికి ఇన్‌ఫాంటోమీటర్, పెద్ద పిల్లలకి స్టేడియోమీటర్ ఉంటాయి, అక్కడికి తీసుకెళ్ళి అడిగితే టీచరమ్మ కొలుస్తారు. కొలిచేటప్పుడు పక్కనే ఉండి కాలు చాపారా లేదా చూసుకోండి.

2. చార్టులో పెట్టండి

అయిదేళ్ళ లోపు వాళ్ళకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు, అయిదు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015 చార్టు వాడండి. ఇంటర్నెట్‌లో కనిపించే అమెరికా చార్టుల్లో పెడితే మన పిల్లలు చాలామంది కారణం లేకుండా కిందకి కనిపిస్తారు. అబ్బాయిలకి, అమ్మాయిలకి చార్టులు వేరు, ఇది కూడా కలిపేస్తుంటారు. వయసు రాసేటప్పుడు "తొమ్మిది నడుస్తోంది" అని కాకుండా పుట్టిన తేదీ నుంచి లెక్కేసి ఎనిమిదేళ్ళ నాలుగు నెలలు అని రాయండి. స్కూల్ అడ్మిషన్ కోసం తేదీ మార్చి ఉంటే అసలు తేదీ వాడండి, ఆరు నెలల తేడా వచ్చినా చార్టు మొత్తం తప్పు చెప్తుంది.

ఎత్తు 3వ పర్సెంటైల్ గీత కంటే కింద ఉంటే దాన్ని పొట్టి అంటారు. అంతమాత్రాన జబ్బని కాదు, నిక్షేపంగా ఉన్న పిల్లల్లో కూడా నూటికి ముగ్గురు ఆ గీత కిందే ఉంటారు.

3. అమ్మానాన్నల ఎత్తు కూడా కొలవండి

చెప్పుకునే ఎత్తు రాయొద్దు, అదే గోడ దగ్గర నిలబడి కొలిచింది రాయండి. అబ్బాయికైతే ఇద్దరి ఎత్తూ కలిపి దానికి 13 సెంటీమీటర్లు కలిపి సగం చేయండి, అమ్మాయికైతే 13 తీసేసి సగం చేయండి. నాన్న 168, అమ్మ 154 అనుకుంటే అబ్బాయికి 167.5, అమ్మాయికి 154.5 వస్తుంది. దానికి అటూ ఇటూ ఓ ఎనిమిది సెంటీమీటర్ల లోపు ఎక్కడ తేలినా మామూలే. పిల్లాడు నడుస్తున్న గీత ఈ అంచనాకి తీసుకెళ్తుంటే ఇంటి పోలిక అనుకోవచ్చు. అమ్మానాన్నలు మంచి పొడుగు, పిల్లాడు మాత్రం 5వ పర్సెంటైల్‌లో ఉన్నాడంటే 3 కంటే పైనే ఉన్నాడు కదా అని ఊరుకోకండి.

ఇంకో మాట, నాన్నని "నువ్వెప్పుడు పెరిగావు" అని అడగండి. "నేను టెన్త్ దాకా ముందు బెంచీనే, ఇంటర్లో ఒక్కసారిగా పెరిగా" అంటే కొడుకు కూడా ఆలస్యంగా పెరిగే రకం కావచ్చు. అమ్మకి మొదటిసారి పీరియడ్స్ ఎప్పుడొచ్చాయో కూడా రాసుకోండి.

4. ఆరు నెలలు ఆగి మళ్ళీ కొలవండి

అదే గోడ, అదే టేపు, అదే మనిషి. మూడు నెలలకే కొలిచి లెక్కేయొద్దు, ఒక సెంటీమీటర్ కొలత తప్పు జరిగితే ఏడాది లెక్కలో నాలుగు సెంటీమీటర్ల తప్పయి కూర్చుంటుంది. జూన్‌లో 112.4, డిసెంబర్‌లో 114.2 అంటే ఆరు నెలల్లో 1.8, ఏడాదికి 3.6.

పోల్చుకోడానికి: మొదటి ఏడాది సుమారు 25 సెం.మీ., రెండో ఏడాది 10 నుంచి 12, ఆ తర్వాత రెండేళ్ళూ ఏడు ఎనిమిది చొప్పున, నాలుగేళ్ళ నుంచి పెద్దమనిషి అయ్యే వయసు మొదలయ్యేదాకా ఏడాదికి 5 నుంచి 6. ఈ నాలుగేళ్ళు దాటిన వయసులో 4 కంటే తక్కువుంటే డాక్టర్‌కి చూపించాల్సిందే, 4 కి 5 కి మధ్య ఉంటే చూపిస్తూనే ఇంకో ఆరు నెలలు కొలవండి. ఒకప్పుడు 25వ గీత మీద ఉన్నవాళ్ళు 10కి, అక్కడ్నుంచి 3కి దిగుతున్నారంటే పొట్టిగా కనిపించకపోయినా అది హెచ్చరికే.

ఈ ఆరు నెలలు ఆగకూడని పిల్లలు కొందరున్నారు, వీళ్ళని వెంటనే తీసుకెళ్ళాలి: తలనొప్పితో పాటు పొద్దున్నే వాంతులు, పక్కన ఉన్నవి కనబడక గుద్దుకోవడం, రాత్రిళ్ళు కూడా లేచి నీళ్ళు తాగుతూ విపరీతంగా మూత్రానికి వెళ్ళడం, ఇవి ఉంటే పిట్యూటరీ (మెదడు కింద ఉండే హార్మోన్ల గ్రంథి) దగ్గర గడ్డ ఉందేమో చూడాలి. తలకి రేడియేషన్ ఇచ్చిన పిల్లలు, గ్రహణం మొర్రి ఉన్నవాళ్ళు, ముందు పైపళ్ళు రెండు ఉండాల్సిన చోట మధ్యలో ఒక్కటే పన్ను ఉన్నవాళ్ళు కూడా. పుట్టిన కొత్తలో షుగర్ పదే పదే పడిపోయి, కామెర్లు చాలా రోజులు తగ్గక, మగపిల్లాడికి అంగం బాగా చిన్నగా ఉంటే ఎత్తు సంగతి తర్వాత, ముందు హార్మోన్లు చూడాలి, ఆ షుగర్ పడిపోవడమే ప్రాణం మీదకి తెస్తుంది.

5. బరువు ఎటు పోతోందో చూడండి

ఇది ఇంట్లోనే చేసుకోగల మంచి పరీక్ష. ముందు బరువు తగ్గి ఆ తర్వాత ఎత్తు పెరగడం తగ్గితే, అంటే పిల్లలు సన్నగా, పొట్టిగా ఉంటే తిండి సరిపోవట్లేదు, లేదా లోపల ఏదో దీర్ఘకాలం జబ్బుంది: సీలియాక్ (గోధుమలు పడక పేగు దెబ్బతినే జబ్బు), కిడ్నీ, తలసేమియా, తగ్గని విరేచనాలు. ఎత్తు ఆగిపోయి బరువు మాత్రం బాగానే ఉంటే, పొట్ట దగ్గర కొవ్వుతో బొద్దుగా ఉంటే హార్మోన్ వైపు చూడాలి, థైరాయిడ్, గ్రోత్ హార్మోన్, లేదా ఒంట్లో స్టెరాయిడ్ ఎక్కువవడం. గ్రోత్ హార్మోన్ లోపం ఉన్న పిల్లల కాళ్ళు చేతులు ఒంటికి తగ్గట్టే ఉంటాయి, మొహం మాత్రం వయసు కంటే చిన్నపిల్లల్లా కనిపిస్తుంది. కాళ్ళు చేతులు మరీ పొట్టిగా ఉండి మొండెం మామూలుగా ఉంటే అది ఎముకల సమస్య, దారి వేరు.

స్టెరాయిడ్ సంగతి గట్టిగా చెప్పాలి. జలుబు చేసిన ప్రతిసారీ, ఆయాసం వచ్చిన ప్రతిసారీ బీటామెథసోన్ చుక్కలో, డెక్సామెథసోన్ బిళ్ళలో నెలల తరబడి వాడించేవాళ్ళు ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. ఆకలి పెరిగి మొహం గుండ్రంగా అవుతుంది, ఇంట్లోవాళ్ళు పిల్లాడు ఒళ్ళు చేశాడని సంతోషపడతారు, ఎత్తు మాత్రం ఆగిపోతుంది. వాడిన మందుల చీటీలన్నీ డాక్టర్‌కి చూపించండి. అయితే చాలారోజులుగా వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, ప్రమాదం, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఎత్తు పెంచే పౌడర్లు, మాత్రలు, వేలాడే రాడ్‌ల మీద ఈ ఆరు నెలలూ డబ్బు పోయకండి. తిండి సరిపోని పిల్లలకి గుడ్లు, పాలు, పప్పు పెడితే పెరుగుతారు, హార్మోన్ లోపం ఉన్నవాళ్ళకి ఏ పౌడరూ పనిచేయదు, పోయిన కాలం తిరిగి రాదు.

6. మొదటి విడత టెస్టులు

ముందు పిల్లల డాక్టర్ దగ్గరికి, అక్కడి నుంచి అవసరమైతే పిల్లల ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టర్ దగ్గరికి. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్‌లో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. స్కూలుకి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీమ్‌కి మీ నోట్‌బుక్ చూపించి రిఫరల్ అడగొచ్చు.

సాధారణంగా ఇవి రాస్తారు: బ్లడ్ కౌంట్, ఈఎస్ఆర్, క్రియాటినిన్, లివర్ టెస్టులు, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, యూరిన్ రొటీన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్‌తో పాటు ఫ్రీ టీ4, సీలియాక్‌కి టీటీజీ యాంటీబాడీ, ఎడమ చేతి ఎక్స్‌రే. అమ్మాయి పొట్టిగా ఉండి కారణం కనపడకపోతే క్రోమోజోమ్ టెస్టు కూడా రాస్తారు, వద్దనకండి. టర్నర్ సిండ్రోమ్ (ఒక ఎక్స్ క్రోమోజోమ్ పూర్తిగానో కొంతో లేకపోవడం) ఆడపిల్లల్లో సుమారు 2,000 నుంచి 2,500 మందిలో ఒకరికి ఉంటుంది, గ్రోత్ హార్మోన్ లోపం కంటే ఇదే ఎక్కువ, కొందరిలో పొట్టిగా ఉండడం తప్ప బయటికి ఇంకేమీ కనిపించదు.

టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించి థైరాయిడ్ బాగుందనుకోవద్దు. పిట్యూటరీలోనే లోపముంటే టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉండి టీ4 తక్కువుంటుంది, అందుకే రెండూ కావాలి. అలాంటి పిల్లలకి కార్టిసాల్ (ఒత్తిడిలో ఒంటిని నిలబెట్టే హార్మోన్) చూడకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టకూడదు, కార్టిసాల్ కూడా తక్కువుంటే ఒక్కసారిగా కుప్పకూలిపోతారు.

ఎక్స్‌రేలో చూసేది ఎముకల వయసు. తొమ్మిదేళ్ళ పిల్లాడి ఎముకలు ఆరున్నరేళ్ళవిగా ఉంటే పెరగడానికి ఇంకా సమయముందని అర్థం, కానీ ఆలస్యంగా పెరిగే రకంలోనూ, థైరాయిడ్‌లోనూ, గ్రోత్ హార్మోన్ లోపంలోనూ ఇలాగే వస్తుంది, కాబట్టి ఎక్స్‌రే ఒక్కటే చూసి తేల్చలేరు. ఇంటి పోలిక వల్ల పొట్టి అయితే ఎముకల వయసు అసలు వయసుకి దగ్గరగా ఉంటుంది.

7. ఐజీఎఫ్-1 చేయించండి, మామూలు గ్రోత్ హార్మోన్ టెస్టు వద్దు

ఇక్కడ మాత్రం కాస్త శరీరం సంగతి తెలియాలి. మెదడులో హైపోథాలమస్ అనే భాగం ఒక హార్మోన్‌తో పిట్యూటరీ గ్రంథిని "వదులు" అంటుంది, సొమాటోస్టాటిన్ అనే ఇంకోదానితో "ఆపు" అంటుంది, ఖాళీ కడుపులోంచి వచ్చే గ్రెలిన్ కూడా వదలమనే చెప్తుంది. అందుకే గ్రోత్ హార్మోన్ రోజంతా ఒకేలా రాదు, విడతలు విడతలుగా వస్తుంది, పెద్ద విడత రాత్రి నిద్రపట్టిన గంట గంటన్నరలో గాఢ నిద్రలో వస్తుంది. వచ్చింది కూడా ఇరవై నిమిషాల్లో సగానికి పడిపోతుంది. మున్సిపల్ కుళాయి మధ్యాహ్నం తిప్పి చూసి ఊళ్ళో నీళ్ళే లేవంటే ఎలా ఉంటుందో పగలు తీసిన ఒక్క శాంపిల్ చూసి లోపం అనడం అలాగే ఉంటుంది. (పుట్టిన మొదటి వారంలో షుగర్ పడిపోయిన పసిపిల్లల్లో మాత్రం ఈ ఒక్క శాంపిల్ పనికొస్తుంది.)

ఈ హార్మోన్ వెళ్ళి లివర్‌ని తడితే అక్కడ ఐజీఎఫ్-1 తయారవుతుంది, ఎముకలు పెరగడంలో ఎక్కువ పని దానిదే. అది పెరిగితే మళ్ళీ పైకి కబురెళ్ళి గ్రోత్ హార్మోన్ తగ్గుతుంది, అలా శరీరం తనకి తానే అదుపు చేసుకుంటుంది. ఐజీఎఫ్-1 రోజంతా దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది కాబట్టి ఏ టైమ్‌లో తీసినా పర్వాలేదు. కాకపోతే మూడేళ్ళ లోపు మామూలుగానే తక్కువుంటుంది, తిండి సరిగ్గా లేకపోయినా, థైరాయిడ్ ఉన్నా, లివర్ బాగోకపోయినా తగ్గుతుంది. రిపోర్టులో పెద్దవాళ్ళ రేంజ్ వేశారేమో చూడండి, పిల్లల వయసుకి తగ్గ రేంజ్ లేకపోతే ల్యాబ్‌ని అడగండి. వయసుకి తగ్గట్టు బాగా ఉంటే లోపం ఉండే అవకాశం తక్కువ, తక్కువుంటే తర్వాతి మెట్టుకి వెళ్ళాలి.

8. స్టిమ్యులేషన్ టెస్టు రోజు

మందిచ్చి పిట్యూటరీని కదిలించి అది ఎంత వదులుతుందో చూస్తారు. పెరుగుదల వేగం తక్కువుండి మిగతా కారణాలన్నీ పోయాకే ఈ టెస్టు, థైరాయిడ్ తక్కువుంటే ముందు సరిచేసుకుని రావాలి, లేకపోతే తప్పుగా తక్కువ చూపిస్తుంది.

ముందు రాత్రి భోజనం తర్వాత ఏమీ పెట్టకండి, మంచినీళ్ళు ఇవ్వొచ్చు. పొద్దున్నే పిల్లాడు నీరసపడతాడని గ్లూకోజ్ నీళ్ళు, బిస్కెట్, పాలు ఇస్తే టెస్టు పాడైపోతుంది, రక్తంలో చక్కెర పెరిగితే గ్రోత్ హార్మోన్ అణిగిపోతుంది. చిన్నపిల్లలకి ఎంతసేపు ఖాళీ కడుపు అనేది డాక్టర్‌ని విడిగా అడగండి. జ్వరముంటే టెస్టు వాయిదా వేయండి. పదకొండేళ్ళు దాటి ఇంకా యుక్తవయసు లక్షణాలు రాని అబ్బాయిలకి, పది దాటిన అమ్మాయిలకి ముందు కొన్ని రోజులు సెక్స్ హార్మోన్ ఇచ్చి టెస్టు చేస్తారు, అది కంగారుపడే విషయం కాదు, ఆ వయసులో అది లేకపోతే మామూలు పిల్లలకి కూడా తక్కువ రావచ్చు. మీ డాక్టర్ ఆ మాట ఎత్తకపోతే మీరే అడగండి.

చేతికి క్యాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) ఒక్కసారి పెట్టి దాంట్లోంచే అన్ని శాంపిళ్ళూ తీస్తారు. క్లోనిడిన్ మాత్రతో అయితే మొదట ఒకటి, తర్వాత అరగంటకొకటి చొప్పున రెండు గంటల దాకా. దీనికి పిల్లలు మత్తుగా నిద్రపోతారు, బీపీ తగ్గుతుంది, బాత్రూమ్‌కి కూడా మీరు పట్టుకునే తీసుకెళ్ళాలి, అయ్యాక తిని బాగా తేరుకున్నాకే ఇంటికి, బండి మీద ముందు కూర్చోబెట్టుకుని వెళ్ళకండి. గ్లూకగాన్ ఇంజెక్షన్‌తో అయితే మూడు గంటలు, వాంతులు రావచ్చు, ఆ తర్వాత షుగర్ పడిపోవచ్చు, కడుపునిండా తిన్నాకే బయల్దేరండి. ఇన్సులిన్ టెస్టు కావాలని షుగర్ పడగొట్టే టెస్టు, పక్కన డాక్టర్, డెక్స్‌ట్రోజ్ (ఎక్కించే గ్లూకోజ్) రెండూ లేనిచోట చేయించొద్దు, ఫిట్స్ ఉన్న పిల్లలకి అసలే వద్దు.

9. రిపోర్టు చూడడం

అన్ని శాంపిళ్ళలో అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకె ఒక్కటే చూడాలి. మొదటి శాంపిల్ 0.2 ఉందని ఏడవకండి, దానికి అర్థం లేదు. చాలాకాలంగా వాడుతున్న హద్దు మిల్లీలీటరుకి 10 నానోగ్రాములు, కొత్త పద్ధతుల్లో కొలిచే కొన్ని చోట్ల 7 అంటారు, మీ ల్యాబ్ ఏది వాడుతుందో అడిగి రాసుకోండి. ఏ ఒక్క శాంపిలైనా హద్దు దాటితే చాలు, లోపం లేనట్టే. మామూలు పిల్లల్లో కూడా ఒక టెస్టులో తక్కువ రావడం ఉంది, అందుకే రెండు వేర్వేరు మందులతో చేసి రెండింట్లోనూ తక్కువొస్తేనే లోపం అంటారు. ఒక్క టెస్టుతో ఇంజెక్షన్ రాస్తే "రెండోది ఎందుకు అక్కర్లేదు" అని అడగండి, పిట్యూటరీలో మిగతా హార్మోన్లు కూడా తక్కువున్న పిల్లలకైతే నిజంగానే అక్కర్లేదు, మిగతావాళ్ళకి కావాలి. లావుగా ఉన్న పిల్లల్లో అంకె తక్కువే వస్తుంది, అదీ గుర్తుపెట్టుకోండి.

అంకె తక్కువుండి పిల్లాడు మాత్రం ఏడాదికి ఆరు సెంటీమీటర్లు పెరుగుతుంటే నేను మీ నోట్‌బుక్‌నే నమ్ముతాను. మంచి డాక్టర్లు కూడా అలాంటప్పుడు ఇంకో ఆరు నెలలు కొలుస్తారు.

లోపం ఖాయమైతే పిట్యూటరీకి ఎంఆర్ఐ తప్పనిసరి, గ్రంథి చిన్నగా ఉందా, దాని కాడ సన్నబడిందా, గడ్డ ఏమైనా ఉందా అని. ఇది మానేసి ఇంజెక్షన్ మొదలుపెట్టకండి.

10. ఇంజెక్షన్ మొదలయ్యాక

రోజూ రాత్రి పడుకునే ముందు చర్మం కింద, తొడ, పొట్ట, పిర్ర, చోటు మారుస్తూ వేయాలి, ఏళ్ళ తరబడి. బరువుని బట్టి డోసు కాబట్టి పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది, మొదలుపెట్టే ముందే ఇంట్లో కూర్చుని ఎన్నేళ్ళు మోయగలరో మాట్లాడుకోండి, మధ్యలో ఆపితే పెట్టింది చాలావరకు వృథా. అలాగని ఆలస్యం చేయడమూ మంచిది కాదు, అమ్మాయికి పీరియడ్స్ మొదలయ్యాక సగటున ఇంకో అయిదారు సెంటీమీటర్లే పెరుగుతుంది, ఎముకల చివర్లు మూసుకుపోయాక ఏ ఇంజెక్షనూ ఎత్తు పెంచదు.

మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌లో కాదు, ఫ్రీజర్ గోడకి ఆనించి కూడా కాదు, గడ్డకట్టిన మందు పారేయాల్సిందే. ఊరెళ్ళేటప్పుడు ఐస్ ప్యాక్‌కీ పెన్‌కీ మధ్య గుడ్డ చుట్టండి. ఆగని తలనొప్పి, చూపు మసకబారడం, కుంటడం, తుంటి లేదా మోకాలి నొప్పి వస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి.

నిజంగా లోపమున్న పిల్లలు మొదటి ఏడాది సాధారణంగా 8 నుంచి 12 సెంటీమీటర్లు పెరుగుతారు. మూడు నెలలకోసారి డాక్టర్ దగ్గర, మధ్యలో అదే గోడ దగ్గర కొలవండి. ఆరు నెలలైనా వేగం పెరగకపోతే డోసు పెంచమని అడిగే ముందు ఈ వరుసలో చూసుకోండి: వారంలో ఎన్ని రాత్రులు మానేశారు, పెన్ నొక్కాక సూదిని పది సెకన్లు లోపలే ఉంచుతున్నారా, కరెంటు పోయిన రోజుల్లో మందు ఎక్కడుంది, రోజూ ఒకేచోట వేసి అక్కడ గట్టిపడిందా, థైరాయిడ్ ఈ మధ్య మళ్ళీ చూశారా. ఇవన్నీ బాగుండి కూడా ఎత్తు కదలకపోతే మొదట పెట్టిన డయాగ్నసిస్‌నే మళ్ళీ చూడమని డాక్టర్‌ని అడగండి, పాత రిపోర్టులు, ఎక్స్‌రే, నోట్‌బుక్ అన్నీ పట్టుకెళ్ళండి.